ఓడలో కొన్న మందు

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారు గడ్డం గీసుకోవడానికి స్నానాల గదిలోకి వెళతారు. ఆయన సబ్బు నురగ రెండుసార్లు పట్టించి, అద్దంలో ఒక్కో చెంపనీ పరీక్ష చేసి మరీ గీసుకునే మనిషి. ఈలోగా అల్లుడు మెట్లు దిగి, ఓడలో ఉన్న సుంకం లేని దుకాణానికి వెళ్లి, ఒక్క సీసా కొని, కోటు లోపల దాచి తెచ్చి, పెట్టె అడుగున విడిచిన బట్టల మధ్య పెట్టేస్తాడు. మామగారు తువ్వాలుతో మొహం ఒత్తుకుంటూ బయటికొచ్చేసరికి కిటికీ దగ్గర నిలబడి సముద్రాన్ని చూస్తూ ఉంటాడు. ఇందులో తప్పిపోవడానికి ఏముంది కనక? ఏమీ లేదు. అందుకే తప్పింది.

సీసా తన కోసం కాదు. అతను పళ్ల సెట్లు తయారుచేసే లాబులో పనిచేస్తాడు. సెలవు కాగితం ముందు పెడితే సూపర్వైజరు కలం మూత కూడా తీయలేదు.

"ఓడెక్కుతున్నావటగా. అక్కడ సుంకం ఉండదు, సగానికి సగం ధర. ఒక మంచి సీసా పట్రావోయ్. సెలవుదేముంది, ఇచ్చేస్తాను."

అంత పెద్దమనిషి అంత చిన్న కోరిక కోరితే కాదనడం ఎలా? సరే సార్ అని వచ్చేశాడు. భార్యకి మాత్రం చెప్పలేదు. చెబితే ఆమె ఓడెక్కకుండానే దిగిపోయేది.

కారణం ఉంది. ఆ ప్రయాణం మామగారు తన ఖర్చుతో తలపెట్టింది. ఊరికే తలపెట్టలేదు. ఆయన ఇంటికి మేడ మీద ఒక వాటా ఉంది. రెండు గదులు, వంటగది, గాలి తగిలే వరండా. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. దాన్ని కూతురికీ అల్లుడికీ ఇవ్వాలా, మళ్లీ బయటివాళ్లకి ఇవ్వాలా అన్నది ఓడ దిగేలోపు తేలుస్తానని ఆయన కూతురితో అన్నారు. ఇప్పుడు వాళ్లుంటున్న గదిలో బీరువా తలుపు తెరవాలంటే మంచం మడవాలి. మంచం మడవాలంటే ఒకరు లేచి బయట నిలబడాలి. స్నానాల గది పక్కింటివాళ్లతో ఉమ్మడి. పెళ్లయినప్పటి నుంచీ అంతే. అందుకే ఓడెక్కేముందు భార్య అతని చొక్కా గుండీ సరిచేస్తూ అంది, "నాలుగు రోజులండీ. నాలుగంటే నాలుగు. మా నాన్న ముందు కాస్త బుద్ధిగా ఉండండి. మీకు దణ్ణం పెడతాను."

మామగారు ఆషామాషీ మనిషి కాదు. పెద్దాసుపత్రిలో మందుల గదిని ఉద్యోగమంతా ఒంటిచేత్తో నడిపి రిటైరయ్యారు. మద్యం పేరు ఆయన నోట రాదు. అనక తప్పనప్పుడు "ఆ పదార్థం" అంటారు. ఎవరైనా పొరపాటున దాన్ని మందు అన్నారా, అయిపోయారన్నమాటే. "మందంటే రోగం తగ్గించేది. మా ఇంట్లో ఆ మాటకి ఒకటే అర్థం. నేను జీవితమంతా పంచిపెట్టిన వస్తువుని ఆ పదార్థంతో కలపకండి" అని గంభీరంగా చెప్పి, అన్నవాడు తలవంచేదాకా చూస్తూ ఉంటారు.

అటువంటి ఇంటికి అల్లుడు కొత్తలో ఒకసారి లాబునుంచి నేరుగా వెళ్లాడు. పళ్ల సెట్లకి మైనం కరిగించడానికి అక్కడ స్పిరిటు దీపాలు వెలిగిస్తారు. ఆ వాసన చొక్కాకి పట్టింది. మామగారు ఒక్కసారి గాలి పీల్చి, మారుమాట్లాడకుండా లేచి కిటికీలన్నీ తెరిచారు. దీపం సంగతి ఎంత చెప్పినా నమ్మలేదు. ఆనాటి నుంచీ ఆయన అల్లుణ్ణి "మీరు" అనే అంటున్నారు. అల్లుడికిచ్చే మర్యాద అనుకునేరు, కాదు. "మీరు భోంచేశారా", "మీరు కూర్చోండి" అన్న ఆ గౌరవం ముందు కూర్చోవడం కంటే నాలుగు తిట్లు తినడం నయమని అల్లుడి అభిప్రాయం.

ఓడలో గదుల ఏర్పాటు కూడా ఆయనదే. ఆడవాళ్లకొకటి, మగవాళ్లకొకటి. కూతురు ఏదో అనబోయి ఊరుకుంది. వాటా ముందు ఇదెంత!

దుకాణంలో సీసాలు అద్దాల వెనక వరసగా తళతళలాడుతున్నాయి. ఒకవైపు సిగరెట్ల పెట్టెలు గోడలా పేర్చి ఉన్నాయి. అల్లుడు ఒక సీసా చూపించి, డబ్బిచ్చి, చెయ్యి చాచాడు. దుకాణంలో అమ్మే ఆమె నవ్వింది.

"ఇప్పుడివ్వమండీ. ఇక్కడే ఇస్తే అందరూ ఇక్కడే తాగేస్తారు. మూట కట్టి సీలు వేసి, దిగబోయే ముందు సాయంత్రం గదికి పంపిస్తాం. అంటే ఇవాళే. మీ గది ఏది?"

నోట్లో పచ్చివెలక్కాయ పడ్డట్టయింది అల్లుడికి. భార్య గది చెబుదామంటే అక్కడ అత్తగారు. తన గది చెబుదామంటే మామగారు. ఆలోచించగా మామగారు సాయంత్రం కాగానే పైన డెక్కు మీదికి నడకకి వెళతారని గుర్తొచ్చింది. ఆ సమయానికి గదిలో తనొక్కడే ఉంటాడు. తన గదే చెప్పాడు.

"ఆ గదికా? సరే లెండి, ఎలాగూ అటు రావాల్సిందే" అంది ఆమె.

అల్లుడు ఆ మాట పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఈ కథే లేదు.

మధ్యాహ్నం భోజనాల హాల్లో నలుగురూ ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. మామగారు చెంచాతో సూపు చల్లారుస్తున్నారు. అప్పుడొచ్చాడు గదులు చూసుకునే పెద్దాయన. తెల్ల కోటు, మెడదాకా గుండీలు. ఆయనకి చెవులు కొంచెం మందం కావడంతో, ఎదుటివాళ్లకి కూడా వినపడదనుకుని గట్టిగా మాట్లాడతాడు.

"ఆ చివరి గది మీదేగా సార్? సాయంత్రం ఎక్కడికీ వెళ్లకండి. మీ మందు గదికే తెచ్చిస్తాను!"

మామగారి చెయ్యి జారి చెంచా సూపులో పడింది. నాలుగు చుక్కలు ఆయన తెల్లచొక్కా మీద చిందాయి. ఆయన తుడుచుకోలేదు.

"ఏం మందు?" అంది అత్తగారు, మామగారి వంక చూసి.

అయిపోయింది. మేడ, వాటా, వరండా, అన్నీ అయిపోయాయి. తెల్లకోటు పెద్దాయన నోరు మళ్లీ తెరిచేలోపు ఏదో ఒకటి అనాలి.

"నాదే అత్తయ్యగారూ! నాకే. మందే. అంటే... ఒంట్లో బాగుండట్లేదు."

మామగారు అతని వంక చూసిన చూపు చాలా వింతగా ఉంది. కోపం కాదు. అనుమానం కాదు. మునిగిపోతున్నవాడికి ఎవరో చెయ్యి అందిస్తే చూసే చూపు అది. మరుక్షణం ఆయన బల్ల మీద గట్టిగా కొట్టారు.

"అవును! మందే! అల్లుడికి ఒంట్లో బాగాలేదు. నాకు పొద్దున్నే తెలిసింది. నువ్వెళ్లవయ్యా బాబూ, నువ్వెళ్లు" అని తెల్లకోటు పెద్దాయన్ని దాదాపు తోసినంత పని చేశారు.

"ఏమైందండీ?" అంది భార్య, కంగారుగా.

ఏమైందో అల్లుడికి ఇంకా తట్టలేదు. చెయ్యి తనంతట తనే ఛాతీ మీదికి వెళ్లింది. అక్కడ నిజంగానే దడదడలాడుతోంది. "గుండె దడ" అన్నాడు. అందులో అబద్ధం లేదు.

ఇక చూడాలి. అత్తగారు అతని ముందున్న పళ్లెం లాగేసింది. మామగారు ఒక రెక్క, భార్య ఒక రెక్క పట్టుకుని నడిపించారు. దారిలో ఎదురైనవాళ్లంతా పక్కకి తప్పుకుని జాలిగా చూశారు. ఎవరో చక్రాల కుర్చీ తెచ్చారు. వద్దంటే, "మొహమాటపడకు బాబూ" అని అత్తగారే భుజాలు పట్టి కూర్చోబెట్టింది.

ఓడ డాక్టరమ్మ గుండె చూసింది, నాడి చూసింది, నాలుక చూసింది.

"ఏమీ లేదు. నిక్షేపంగా ఉన్నారు."

అత్తగారు గోడకి చేరబడిపోయింది. "అయ్యో! ఏమీ లేదంటోంది!"

"ఏమీ లేదంటే మంచిదేగా అమ్మా" అంది డాక్టరమ్మ.

"మాకు తెలీదా తల్లీ! మా ఆయన పనిచేసింది ఆసుపత్రిలోనే. మీవాళ్లు ఏమీ లేదన్నారంటే చుట్టాలకి కబురెట్టే టైమొచ్చిందనే అర్థం."

"సరే, మీ తృప్తి కోసం చెబుతున్నాను" అంది డాక్టరమ్మ. " జావ తాగి పడుకోండి. అయినా ఏదో మందన్నారు, ఆ మందేమిటి? నేనేమీ రాయలేదే?"

అల్లుడు కళ్లు మూసుకున్నాడు. ఈసారి చావు తప్పదు. కానీ మామగారు అడ్డం పడ్డారు.

"మా ఊరి డాక్టరు రాసిన మందమ్మా. పాతది. నా చేతుల మీదుగా వెళ్లిన మందే. మీరు శ్రమపడకండి" అని, అందర్నీ బయటికి నడిపించేశారు.

అల్లుడికి మతిపోయింది. నిప్పులాంటి మనిషి! కడుపులో మంటకి కూడా చీటీ లేనిదే మాత్ర ఇవ్వనివాడు! తన కోసం అబద్ధమాడాడు. ఎందుకు? జాలితో. పోయేవాడి మీద ఉండే జాలి. ఆ ఆలోచన రాగానే అల్లుడికి నిజంగా ఏడుపొచ్చింది. ఆ మంచితనం ముందు తన సీసా ఎంత నీచంగా కనిపించిందో చెప్పలేం.

గదిలో పడుకోబెట్టాక, అత్తగారు జావ కోసం, మామగారు దిండు కోసం బయటికెళ్లిన కాస్త సందులో భార్య మంచం పక్కన చేరి ఏడవడం మొదలుపెట్టింది. అల్లుడు తట్టుకోలేకపోయాడు. గొంతు తగ్గించి ఉన్నదంతా చెప్పేశాడు. సూపర్వైజరు, సీసా, సీలు, సాయంత్రం.

ఆమె ఏడుపు టక్కున ఆగింది. చెంగుతో కళ్లు తుడుచుకుని అతన్ని కాసేపు చూసింది. ఆ కాసేపట్లో అల్లుడు జావ లేకుండానే సగం అయిపోయాడు.

"మీ సూపర్వైజరు నోట మన్ను పడ! నాతో ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయింది?"

"ఇప్పుడు చెప్పేస్తాను. మీ నాన్నగారి కాళ్లమీద పడతాను. నా వల్ల కాదు."

"నోర్మూసుకోండి" అంది ఆమె. పెళ్లయ్యాక ఆ మాట అనడం అదే మొదటిసారి. "ఇప్పుడు నిజం చెబితే వాటా గోవిందా. ఆ గదిలో ఇంకోసారి మంచం మడిచే ఓపిక నాకు లేదు. చచ్చినట్టు జబ్బు పడండి."

అల్లుడు చచ్చినట్టు జబ్బు పడ్డాడు.

సాయంత్రం నాలుగో గ్లాసు జావ అయ్యేసరికి మామగారు కుర్చీ లాక్కుని మంచం పక్కనే కూర్చున్నారు. నడకకి వెళ్లలేదు. "మీరు వెళ్లిరండి మామయ్యగారూ, నేను పడుకుంటాను" అని అల్లుడు మూడుసార్లు బతిమాలాడు. "మీరిద్దరూ పైకెళ్లి సముద్రం చూసి రండి, నేనుంటాను" అని మామగారు ఆడవాళ్లని నాలుగుసార్లు బతిమాలారు. ఎవరూ కదల్లేదు. జబ్బు మనిషిని వదిలి ఎవరు కదులుతారు? తలుపు అవతల ఎవరి అడుగుల చప్పుడైనా మామా అల్లుళ్లు ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడుతున్నారు. మామగారికి తన మీద అంత బెంగా అనుకుని అల్లుడు కుమిలిపోయాడు.

మామగారు అతని చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు.

"నాయనా! ఇన్నాళ్లూ నిన్ను అర్థం చేసుకోలేకపోయాను. నువ్వు ఇంత పెద్ద మనసున్నవాడివని నాకు తెలీదు. ఇవాళ అందరి ముందూ నువ్వు చేసిన పని నేను పోయేదాకా మరిచిపోను."

'నువ్వు' అన్నారు! 'నాయనా' అన్నారు! తను చేసిన పనేమిటో అల్లుడికి బొత్తిగా తెలియలేదు. అయినా కళ్లు చెమ్మగిల్లాయి.

"మేడ మీద వాటా పిల్లలదే" అన్నారు మామగారు, అత్తగారివైపు తిరిగి. "దిగగానే తాళాలిచ్చేస్తాను."

కూతురు మొహం వెలిగింది. వెంటనే సందర్భం గుర్తొచ్చి దించుకుంది.

"మెట్లెక్కగలడా పాపం?" అంది అత్తగారు.

"మెల్లిగా ఎక్కుతాడు."

ఇక అల్లుడి వల్ల కాలేదు. ఎంత గదైనా, ఎంత వరండా అయినా, ఇంత మంచి మనిషిని మోసం చేసి కాపురం పెడితే ఆ అన్నం ఒంటబడుతుందా? భార్య కళ్లతో వారిస్తున్నా లేచి కూర్చున్నాడు. "మామయ్యగారూ, మీకో నిజం చెప్పాలి" అన్నాడు.

అప్పుడే తలుపు చప్పుడైంది.

అల్లుడు మంచం దిగబోయాడు. మామగారు కుర్చీ లోంచి లేవబోయారు. ఇద్దరూ ఒకరికొకరు అడ్డం తగిలి మంచం మీద పడ్డారు. అత్తగారు తాపీగా వెళ్లి తలుపు తీసింది.

తెల్లకోటు పెద్దాయన రెండు చేతుల్లో రెండు సంచులు పట్టుకుని నిలబడ్డాడు. మందపాటి గుడ్డ సంచులు, మూతులకి సీళ్లు.

"మందు తెచ్చానమ్మా!" అని అరిచాడు. "ఈ గదికి రెండు. ఇది చిన్న సార్‌ది. ఇది పెద్ద సార్‌ది. పెద్ద సార్ మొన్ననే కొనేశారు. దీంతోపాటు ఇదిగో, ఈ పెట్టె కూడా ఆయనదే."

అల్లుడు మామగారి వంక చూశాడు. మామగారు అల్లుడి సంచీ వంక చూశారు. మధ్యాహ్నం చెంచా ఎందుకు జారిందో అల్లుడికి అప్పుడర్థమైంది. తన పరువు కాపాడటానికి అల్లుడు లేని జబ్బుని నెత్తినేసుకున్నాడనుకుని పెద్దాయన పొంగిపోయారన్నమాట. అతను నెత్తినేసుకున్నది అతని సీసానే అని మామగారికి కూడా అప్పుడే అర్థమైంది. తేలు కుట్టిన దొంగలిద్దరూ ఒకే మంచం మీద కూర్చుని ఉన్నారు.

అత్తగారు సంచులు అందుకుని తలుపు వేసింది. మామగారికేసి తిరిగింది.

"మీకేం మందండీ?"

అంత గంభీరమైన మనిషి ఒక్క క్షణంలో మందుల గదిలో తాళం పోగొట్టుకున్న గుమాస్తాలా అయిపోయారు. స్పిరిటు దీపం వాసనకే ఇంటి కిటికీలన్నీ తెరిచిన ఈ మనిషి మీద ఇప్పుడు అల్లుడు ఒక్క మాట అంటే చాలు. ఇన్నేళ్ల 'మీరు'కి వడ్డీతో సహా చెల్లిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ పక్కనున్న మనిషి దుప్పటి అంచు పట్టుకుని తన వంకే చూస్తుంటే ఎలా అంటాడు?

"మామయ్యగారికీ గుండె దడే అత్తయ్యగారూ" అన్నాడు. "మీరు బెంగపడతారని చెప్పలేదు. అదీ మందే."

"మందే" అన్నారు మామగారు.

"మరి ఈ పెట్టె?"

"అది పీల్చే మందు."

అత్తగారు సంచీని చేత్తో బరువు చూసింది. సీలు మీద రాసింది చదవబోయి, "నా కళ్లజోడు ఎక్కడ పెట్టానో ఏమో" అని ఊరుకుంది. కళ్లజోడు ఆవిడ నెత్తి మీదే ఉంది. తర్వాత నిట్టూర్చి కుర్చీలో కూలబడింది.

"నాకెప్పుడూ అనుమానం రాలేదు చూశావా అమ్మా" అంది కూతురితో. "ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడల్లా మీ నాన్న దగ్గర మందు వాసన గుప్పుమనేది. మందుల గదిలో పని కదా, రాక ఛస్తుందా అనుకునేదాన్ని. ఉద్యోగం దిగిపోయాక కూడా వస్తుంటే, ఇన్నేళ్ల పని, ఒంట్లోకి ఇంకిపోయుంటుందిలే అనుకున్నాను. ఇంత జబ్బు దాచుకుని తిరుగుతున్నారని కల్లో కూడా అనుకోలేదు."

కూతురు చెంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. ఆమె భుజాలు అదురుతుంటే అత్తగారు వీపు నిమిరి, "ఏడవకమ్మా, నేను లేనూ" అని ఓదార్చింది.

ఆ తర్వాత నిర్ణయాలన్నీ అత్తగారివే. పీల్చే మందు గుండె దడకి మంచిది కాదని, ఆ పెట్టెని తెల్లకోటు పెద్దాయన్ని పిలిచి ఇచ్చేసింది. ఆయన దాన్ని ఎంతో బాధ్యతగా స్వీకరించాడు. మామగారికి కూడా జావ తెప్పించింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు. రోగులిద్దరూ పక్కపక్కన కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా, చెరో గ్లాసూ తాగారు.

"వాటా సంగతి మళ్లీ ఆలోచిద్దామేమో" అన్నారు మామగారు, గ్లాసు దించుతూ, చాలా మెల్లిగా.

"ఆలోచించేదేముంది?" అంది అత్తగారు. "ఇద్దరిదీ ఒకటే జబ్బు. ఒకే ఇంట్లో ఉంటే పథ్యం వండటం తేలిక. తాళాలు అమ్మాయికిచ్చేయండి. మందుల తాళం మాత్రం నా దగ్గరుంటుంది."

మామగారు తలవంచారు. కాసేపటికి అల్లుడి వైపు ఒరిగి, "జావలో కాస్త ఉప్పు వేయమని నువ్వడుగు, నాయనా. నేనడిగితే బాగుండదు" అన్నారు.

అలా వాటా దక్కింది. ఇప్పుడు అల్లుడింట్లో బీరువా తలుపు మంచంతో పని లేకుండా తెరుచుకుంటుంది. ఉత్తచేతులతో వెళ్లిన పాపానికి సూపర్వైజరు వంకరటింకర దవడల పనంతా అతని బల్ల మీదికే తోస్తున్నాడు. అయినా అల్లుడికి విచారం లేదు. పొద్దున్నే మామగారు మెట్ల కింద నిలబడి, "లేచావా నాయనా, రా, మందు వేళయింది" అని కేకేస్తారు. ఇద్దరూ అత్తగారి ముందు వరసగా నిలబడి నోళ్లు తెరుస్తారు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా, చెరో చెంచా పోసి, బీరువాకి తాళం వేసి, తాళంచెవి నడుముకి దోపుకుంటుంది.

మామగారు మోతాదులు తెలిసిన మనిషి. రెండు సీసాల్లోనూ మట్టం తగ్గుతున్న తీరు చూసి, ఇద్దరు రోగులకి ఇంత ఖర్చు కాకూడదని ఒకరోజు అల్లుడి చెవిలో చెప్పారు. ఆ సంగతి అడిగే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.

అత్తగారికి మాత్రం ఈమధ్య రాత్రిళ్లు హాయిగా నిద్ర పడుతోంది.